బొటనవేలికి కుట్లు, షామ్‌బర్గ్‌లో భోజనం

గురువారం గ్రేస్ ఫోన్ చేసేసరికి నేను అర్జెంట్ కేర్ పార్కింగ్‌లో షాపు వ్యాన్ ఎక్కి కూర్చున్నాను. కుడిచేతి బొటనవేలికి అప్పుడే మూడు కుట్లు వేసి, కట్టు మీద కట్టు చుట్టి, చిన్న దోసకాయంత చేసి పంపారు. మిషిగన్‌లోని నోవైలో నేను పనిచేసేది ఒక ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో. మునక్కాడల పెట్టె కోస్తుంటే కట్టర్ జారింది, అంతే. ఇలాంటి దెబ్బకి సెలవు అడిగితే నవ్వుతారు. తడపొద్దు, వంచొద్దు, కుట్లు తీసేదాకా బరువులెత్తొద్దు అన్నారు. మొదటి రెండూ సరే, మూడోది మా ఓనర్‌కి చెప్పండి అనుకుంటూ బయటికొచ్చాను. ఫోన్ మోగుతుంటే ఎడంచేతి చూపుడువేలితో ఎత్తాల్సి వచ్చింది.

గ్రేస్ మా తెలుగు చర్చి పిల్ల. మిషిగన్‌లోనే పుట్టింది, ఇప్పుడు షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. "కిరణ్ అన్నా, సాటర్డే నువ్వు వెజిటబుల్స్‌కి షికాగో సైడ్ వస్తున్నావు కదా. డాడీని తీసుకొస్తావా? వింటర్‌లో ఆయన హైవే డ్రైవ్ చేయట్లేదు" అంది. తీసుకొస్తానన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది. "ఈసారి డాడీ తినాలి అన్నా. ప్రవీణ్ వాళ్ళ మామ్ టూ టైమ్స్ చాలా కుక్ చేశారు. డాడీ ఫాస్టింగ్ ప్రేయర్ అని వాటర్ మాత్రం తాగారు. ఈసారి కూడా తినకపోతే ప్రధానం వద్దు అంటున్నారు ఆంటీ. నేను అడిగితే డాడీ టాపిక్ మార్చేస్తారు. నువ్వు చెప్పు." మా చర్చిల్లో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటాం. ప్రవీణ్ ఆ పిల్ల చేసుకోబోయే కుర్రాడు.

ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్ళు మండింది. గ్రేస్ వాళ్ళ నాన్న సాల్మన్ అంకుల్ మా చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పేరు చివర ఒక తోక ఉంది. చర్చిలో ఎవరూ దాన్ని పైకి పలకరు, తెలియనివాళ్ళు మాత్రం లేరు. ప్రవీణ్ వాళ్ళకి అలాంటి తోక లేదు. వాళ్ళ తాతలదీ మా తాతలదిలాగే ఊరికి అవతల పేట. పేటవాళ్ళింట్లో వండి వడ్డిస్తే, తోక ఉన్న మనిషి మంచినీళ్ళు మాత్రం తాగి లేచాడంటే దాని అర్థం ఏమిటో మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ తన కాలంలో ఇలాంటి ఉపవాసాలు ఎన్నో చూసింది. ఆదివారం ఒకే రొట్టె విరుచుకుని తింటాం, ఇంటికి పిలిస్తే ఉపవాసమా? దారి పొడుగునా ఈ మనిషి నా పక్క సీట్లో ఉంటాడు, కడిగి పారేద్దాం అనుకున్నాను.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ముందు లెక్కలు చెప్పేస్తాను. నోవై నుంచి షామ్‌బర్గ్ మూడు వందల మైళ్ళకి కాస్త అటూ ఇటూ. దక్షిణంగా దిగి ఆన్ ఆర్బర్ దగ్గర ఐ-94 ఎక్కితే ఇండియానా దాకా ఇంక ఆలోచించే పని లేదు. మంచు లేకపోతే ఐదు గంటల లోపు చేరతారు, ఉంటే దేవుడి దయ. కారుకైతే తక్కువే గానీ మా షాపు వ్యాన్ గ్యాస్, అంటే పెట్రోలు, బాగా తాగుతుంది, ఒకవైపుకే యాభై డాలర్లు అవుతుంది. పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరాలనుకున్నాం. నేను ఆయన అపార్ట్‌మెంట్ ముందుకి చేరేసరికి ఏడయింది. కారణం నా వేలు. పళ్ళు తోముకోవడం, చొక్కా గుండీలు, సాక్సులు, ఒక్కోటి ఒక్కో యుద్ధం. ఫోన్ తెరవాలంటే కూడా బొటనవేలి ముద్ర కావాలి, అది కట్టు కింద ఉంది. అన్నిటికన్నా కష్టం జాకెట్ జిప్పు. కింద కొసని గాట్లో దూర్చి పట్టుకుంటే గానీ అది పైకి రాదు, దానికి రెండు చేతులూ సరిగ్గా ఉండాలి. కాసేపు కుస్తీ పట్టి, తిట్టుకుని, జాకెట్ తెరిచి పెట్టుకునే బయటికొచ్చాను. చలి నేరుగా రొమ్ముకి తగిలింది.

అంకుల్ మెట్ల కింద నిలబడి ఉన్నారు. ఆయన జాకెట్ కూడా తెరిచే ఉంది. కుడిచేయి జేబులో ఉంది. కొన్ని నెలలుగా చర్చిలోనూ అంతే, ఆ చేయి బయటికి తీయరు, షేక్‌హ్యాండ్ ఇవ్వరు, తల ఊపుతారు. అది పొగరని మేం కుర్రాళ్ళం ఎప్పుడో తేల్చేశాం.

"వేలికేమైంది నాన్నా?"

"పెట్టె కోస్తుంటే తెగింది అంకుల్."

"కుడిచెయ్యా." ఆయన ఆ కట్టు వైపు అవసరమైనదానికన్నా ఎక్కువసేపు చూశారు. "తడవనీయకు. డ్రైవ్ చెయ్యగలవా?"

"స్టీరింగ్‌కి బొటనవేలితో పనేముంది" అని గేరు వేశాను. పని ఉందని మొదటి మలుపులోనే తెలిసింది. పక్కన ఆయన ఒళ్ళంతా వెనక్కి తిప్పి, కుడిభుజం మీద ఉండే బెల్టుని ఎడంచేత్తో లాక్కుంటున్నారు. సీటు అలవాటు లేదేమో అనుకున్నాను.

జాక్సన్ దాటేదాకా ఆయన ఏదో కీర్తన సన్నగా కూనిరాగం తీస్తున్నారు. నాకు ఆగలేదు.

"అంకుల్, ఇవాళ కూడా ఉపవాసమేనా?"

కూనిరాగం ఆగింది. "చూద్దాం."

"చూడ్డానికేముంది? తింటారా, తినరా?"

"ముందు రోడ్డు చూడు. నీడ ఉన్నచోట ఐసు ఉంటుంది" అని కిటికీ వైపు తిరిగారు. నేను కోపంతో స్టీరింగ్ బిగించి పట్టుకున్నాను. కుట్లు జివ్వుమన్నాయి. నా కోపం మొదట నా వేలికే తగిలింది.

కలమజూ ఊరి ముందు ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆపాను. ఇక్కడ ఆపమనే చెబుతాను, ఎందుకంటే ఆ తర్వాత పెద్ద సరస్సు వైపు నుంచి వచ్చే మంచు మొదలవుతుంది, మధ్యలో ఆగాలంటే చిరాకు. బెల్టు బటన్ నా కుడి పక్కన ఉంది. బొటనవేలితో నొక్కబోయి కేక పెట్టాను. ఎడంచేయి అడ్డంగా తీసుకొచ్చి నొక్కితే ఊడింది. పంపు దగ్గర ఇంకో అవమానం. ఆ పిడిని ఎడంచేత్తో నొక్కి పట్టుకుంటే వంకరగా జారిపోతోంది, కుడిచేత్తో పట్టుకోలేను. అంకుల్ దిగి వచ్చి, తన ఎడంచేయి నా చేతి మీద వేసి నొక్కారు. ఇద్దరం రెండు ఎడంచేతులతో గ్యాస్ కొట్టాం. అవతల పంపు దగ్గరున్న పెద్దాయన మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

లోపల రెండు కాఫీలు, రెండు ఎగ్ శాండ్‌విచ్‌లు తీసుకున్నాను. పదిహేను డాలర్లు కూడా కాలేదు. కిటికీ పక్కన ఎత్తు బల్ల దగ్గర కూర్చున్నాం. చక్కెర పొట్లం చింపుదామంటే నా వేలు వంగదు. పళ్ళతో లాగాను. పొట్లం పగిలి చక్కెర నా ఒళ్ళో, బల్ల మీద, ఆయన టోపీ మీద పడింది. నోటికొచ్చిన మాట అనేశాను. అది చర్చి పెద్ద ముందు అనాల్సిన మాట కాదు. ఆయన ఇంకో పొట్లం తీసుకున్నారు. దాని అంచుని తన కాఫీ కప్పు కింద నొక్కిపెట్టి ఎడంచేత్తో ఒక్క లాగు లాగారు. శుభ్రంగా చిరిగింది. నా కప్పులో పోసి, చిన్న పాల డబ్బీ మూత కూడా అలాగే విప్పి పోశారు.

"ఇదెక్కడ నేర్చారు?"

"ఇంట్లో." నవ్వారు. ఆయన నవ్వడం చర్చిలో నేనెప్పుడూ చూడలేదు. ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది, పెదవుల కుడి పక్క కదల్లేదు. "పొట్లాలు, సీసా మూతలు, టూత్‌పేస్టు అన్నీ వచ్చు నాకు. షూ లేసులు రావు. జిప్పులు రావు."

నేను బల్ల కిందికి చూశాను. ఇంత మంచులో ఆయన కాళ్ళకి లేసుల్లేని తోలు చెప్పుల్లాంటి బూట్లు ఉన్నాయి. ఆయన తెరిచిన జాకెట్ చూశాను, తెరిచిన నా జాకెట్ చూసుకున్నాను. ఇంక అడగాల్సిన పని లేకపోయింది. ఆయనే ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, జేబులోంచి ఆ చేతిని తీసి, నా కట్టు పక్కన బల్ల మీద పెట్టారు. వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి, పిడికిలి బిగించబోయి మధ్యలో మరిచిపోయినట్టు.

"సమ్మర్‌లో స్ట్రోక్ వచ్చింది. చిన్నదే అన్నారు డాక్టర్లు. వాళ్ళకి చిన్నదే" అన్నారు. తర్వాత శాండ్‌విచ్ తినడానికి గోడ వైపు తిరిగారు. గుడ్డు ముక్కలు కాగితం మీద పడుతున్నాయి. కాఫీ చుక్క ఒకటి పెదవి అంచున జారి గడ్డం దాకా వచ్చింది, ఆయనకి తెలియలేదు. నేను టిష్యూ అందించాలా వద్దా అని తేల్చుకునేలోపు అది చొక్కా మీద పడింది.

పా పా అనే ఊరు దాటాక అనుకున్నట్టే మంచు మొదలైంది. ఈ దారికి కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోండి, నోవైలో ఎండ ఉన్నా ఇక్కడ తెల్లటి గోడ ఎదురు కావచ్చు. సరస్సు మీదనుంచి వచ్చే మంచు ఇది, పది మైళ్ళలో మొదలై పది మైళ్ళలో ఆగుతుంది. లారీల వెనక దూరం పెట్టి నలభైలో వెళ్ళాం. అలాంటప్పుడు మనుషులు ఎదుటివాళ్ళ మొహం చూడనక్కర్లేకుండా మాట్లాడుకోవచ్చు.

"గ్రేస్‌కి తెలుసా అంకుల్?"

"భుజం నొప్పి అని చెప్పా. తెలిస్తే ఉద్యోగం మానేసి నోవై వచ్చి కూర్చుంటుంది. పెళ్ళి వాయిదా వేస్తుంది. దాని సంగతి నీకు తెలీదు."

"ప్రవీణ్ వాళ్ళింట్లో తినంది ఇందుకేనా?"

"ఇంకెందుకు? విమలమ్మగారు మటన్ వండారు, ఎముకలతో. కోడి పులుసు, గారెలు. కుడిచేత్తో ముద్ద నోటిదాకా రాదు. ఎడంచేత్తో స్పూను పట్టుకుంటే సగం ఒళ్ళో పడుతుంది. మూతి పక్కనుంచి కారేది నాకు తెలియను కూడా తెలియదు, నువ్వు ఇందాక చూశావుగా. కాబోయే వియ్యపురాలి ముందు చంటిపిల్లాడిలా మీద పోసుకోమంటావా? ఉపవాసం అంటే ఎవరూ బలవంతం చెయ్యరు కదా."

నేను గురువారం నుంచి సిద్ధం చేసుకున్న తిట్లు ఒక్కటీ పనికిరాలేదు. కానీ ఒక మాట చెప్పకుండా ఆయన్ని ఆ ఇంటికి తీసుకెళ్ళడం సరికాదనిపించింది.

"అంకుల్, వాళ్ళు ఉపవాసమని నమ్మట్లేదు."

"మరేమనుకుంటున్నారు?"

"మేం పేటవాళ్ళం కాబట్టి మా ఇంట్లో తినరు అనుకుంటున్నారు. నేనూ అదే అనుకున్నా. మీరు వ్యాన్ ఎక్కినప్పట్నుంచీ మిమ్మల్ని ఎట్టా కడగాలా అని చూస్తున్నా."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒక ఎగ్జిట్ వెళ్ళిపోయింది, ఇంకోటి వెళ్ళిపోయింది.

"నా బుర్రలోకే రాలేదు కిరణ్" అన్నారు చివరికి.

"మీకు రాదు అంకుల్. మాకు ముందు అదే వచ్చుద్ది."

ఆ మాట కటువుగానే అన్నాను, మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఆయన కాదనలేదు. "రాలేదంటే, నాకెప్పుడూ ఆ అవసరం పడలేదని" అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. మంచు తగ్గి రోడ్డు కనబడింది. "చెప్పేయండి మరి, వెళ్ళగానే" అన్నాను.

"ఏమని చెప్పను? అమ్మా, నాది కులం పట్టింపు కాదు, చెయ్యి బాగోలేదు అనా? ఆవిడ నోరు తెరిచి అడగనే లేదు. అడగందానికి జవాబు చెబితే ఇంకా అనుమానం వస్తుంది."

ఇండియానాలో గ్యారీ చుట్టూ లారీల రద్దీ ఉంటుంది, కుడి లేన్‌లు వదిలేసి మధ్యలో వెళ్ళండి. ఇల్లినాయ్‌లో ఐ-294, ఆ తర్వాత ఐ-90, రెండిటికీ టోల్ ఉంది. డబ్బులు తీసుకునే మనిషి ఎక్కడా ఉండడు. బండికి టోల్ పరికరం లేకపోతే ప్లేట్ నంబర్‌తో రెండు వారాల్లోపు ఆన్‌లైన్‌లో కట్టుకోవచ్చు, కంగారు పడొద్దు. షికాగో టైము మనకన్నా గంట వెనక. అందుకని మా గడియారంలో ఒంటిగంట దగ్గరపడినా, షామ్‌బర్గ్‌లో మాకు పన్నెండు కూడా కాలేదు.

ప్రవీణ్ వాళ్ళది వరసగా అతుక్కున్న ఇళ్ళలో ఒకటి. తలుపు తీయగానే మసాలా వాసన వచ్చింది. ప్రవీణ్ వాళ్ళ నాన్న డ్యూటీలో ఉన్నారు. ఆంటీ, ప్రవీణ్, గ్రేస్ ముగ్గురే ఉన్నారు. విమల ఆంటీ పొట్టి మనిషి, చీర మీద స్వెటర్, గట్టి గొంతు. నన్ను లోపలికి లాగినంత చనువుగా పిలిచారు. అంకుల్‌కి మాత్రం నిలబడి నమస్కారం పెట్టారు. ఆ మర్యాద చూస్తేనే భయమేసింది. బల్ల మీద నాలుగే పళ్ళేలు ఉన్నాయి. మేం ఐదుగురం.

"కూర్చోండి అన్నయ్యగారూ. మీకు మంచినీళ్ళు తెస్తా. ఉపవాసం కదా."

గ్రేస్ మొహం తెల్లబోయింది. అంకుల్ గ్లాసు ఎడంచేత్తో అందుకున్నారు. ఎడంచేత్తో అందుకోవడం కూడా ఆంటీ గమనించారు. అది ఇంకో లెక్కలో రాసుకున్నట్టు ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి. నేను ఏదో ఒకటి అనబోయాను, అంకుల్ కళ్ళతోనే వద్దన్నారు.

"నువ్వన్నా తింటావా బాబూ?" ఆంటీ నా వైపు తిరిగారు.

"తింటా ఆంటీ. స్పూనుంటే ఇవ్వండి, ఈ వేలు తడవకూడదు."

ఆవిడ నా మణికట్టు పట్టుకుని కట్టు చూశారు. "ఏం చేసుకున్నావయ్యా ఇది. మటన్‌కి స్పూనేంది, ఎముకతో కుస్తీ పడతావా? కూర్చో." చేతులు కడుక్కొచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నారు. అన్నంలో కూర కలిపి, ఎముకల నుంచి ముక్కలు ఒలిచి, ముద్ద చేసి నా నోటి ముందు పెట్టారు. "తెరువు."

"ఆంటీ, నాకు ఇరవై ఆరేళ్ళు."

"ఉంటే? మావాడికి ముప్ఫై. జొరమొస్తే ఇప్పటికీ నేనే పెడతా."

"మామ్, ప్లీజ్" అన్నాడు ప్రవీణ్. గ్రేస్ నవ్వు ఆపుకుంది. నేను నోరు తెరిచాను. గోంగూర వేసిన మటన్. కారం నషాళానికి అంటింది. గురువారం నుంచి చల్లటి శాండ్‌విచ్‌లే తింటున్నాను. కలిపిన అన్నంలో ఒకరి చేతి వెచ్చదనం కూడా ఉంటుందని ఎన్నాళ్ళకో గుర్తొచ్చింది. రెండో ముద్ద, మూడో ముద్ద. సిగ్గు పోయింది, ఆకలి మిగిలింది.

అంకుల్ గోడ దగ్గర గ్లాసుతో నిలబడి ఇదంతా చూస్తున్నారు. నేను తింటున్న తీరులో ఆయన ఏం చూశారో నాకు తెలియదు. గ్లాసు బల్ల మీద పెట్టారు.

"విమలమ్మగారూ, నాక్కూడా పెట్టండి."

ఆంటీ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఉపవాసమన్నారుగా."

"ఇవాళ కాదు. అప్పుడు కూడా కాదు." ఆయన కుర్చీలో కూర్చుని, పొద్దున కాఫీ బల్ల దగ్గర చేసినట్టే, ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి పళ్ళేల మధ్య పెట్టారు.

ముందు కదిలింది గ్రేస్. "డాడీ, ఏంటిది? ఎప్పటి నుంచి?"

"సమ్మర్ నుంచి."

"షోల్డర్ పెయిన్ అన్నావు నాకు."

"అన్నాను."

"నేను డైలీ ఫోన్ చేశాను డాడీ. డైలీ అడిగాను." ఆ పిల్ల ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటీ తెరవబోయింది. అవి తెరుచుకోలేదు. అప్పుడు ఏడ్చింది.

విమల ఆంటీ ఆ చేతిని చూస్తూ కూర్చున్నారు. "నేనేమనుకున్నానో మీకు తెలుసా?" అన్నారు. గొంతు తగ్గింది.

"ఇవాళ దారిలో తెలిసిందమ్మా. అప్పటిదాకా తట్టలేదు. తట్టలేదని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది."

"మూడు నెలలు నిద్ర పట్టలా నాకు. మిగిలిన కూరంతా డబ్బాల్లో పెడుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఇంత దూరం వచ్చినా ఇదేనా అనుకున్నా. మొదటిరోజే ఒక్క మాట చెప్పుంటే పోయేది కదా."

"అవునమ్మా."

"చెప్పకుండా లేచిపోయారు. ఆ నొప్పి నొప్పే." అది క్షమించిన గొంతు కాదు. ఆయన కూడా దాన్ని తగ్గించి మాట్లాడలేదు, తలదించుకుని విన్నారు. తర్వాత ఆవిడ లేచి, అల్మారాలోంచి ఐదో పళ్ళెం తీశారు. కొంచెం లోతుగా ఉన్నది ఏరి తీశారు. అన్నం మెత్తగా కలిపి, ఎముకలు పక్కకి నెట్టి, చిన్న చిన్న ముద్దలు చేసి అంచు వెంబడి పేర్చారు.

"వియ్యంకుడికి నోట్లో పెడితే బాగోదు. ముద్దలు చేసి పెట్టా, ఎడంచేత్తో తీసుకోండి. పడితే పడనీయండి. తుడిచేది నా గుడ్డేగా."

వియ్యంకుడు అన్న మాట గ్రేస్ విన్నది. ప్రవీణ్ వైపు చూసింది. అంకుల్ మొదటి ముద్ద తీసుకున్నారు. సగం జారి బల్ల గుడ్డ మీద పడింది. ఎవరూ అటు చూడలేదు, నేను నా పళ్ళెంలోకి చూసుకున్నాను. రెండో ముద్ద పూర్తిగా నోట్లోకి వెళ్ళింది. ఆయన కళ్ళు నిండాయి. ఎడంచేతికి కూర అంటుకుని ఉంది, కుడిచెయ్యి లేవదు. అందుకని తుడుచుకోకుండా అలాగే నమిలారు. "కారం ఎక్కువైందా?" అన్నారు ఆంటీ, తెలియనట్టు. "సరిపోయింది" అన్నారాయన.

ప్రధానం ఈస్టర్ తర్వాత పెట్టుకుందామని ఆంటీయే తేల్చారు. గ్రేస్ మాత్రం ఒక షరతు పెట్టింది, నెలలోపు ఫిజికల్ థెరపీ మొదలుపెట్టకపోతే తనే నోవై వస్తానని. ఆయన సరేనన్నారు, ఆ మాట నమ్మొచ్చో లేదో నాకు తెలియదు. మధ్యాహ్నం హోల్‌సేల్ గోదాముకి నాతో ప్రవీణ్ వచ్చాడు. బెండకాయలు, దొండకాయలు, కరివేపాకు పెట్టెలన్నీ అతనే ఎత్తి వ్యాన్‌లో పెట్టాడు. ఆరింటికల్లా వెనక్కి బయల్దేరాం.

నా కుట్లు వచ్చే వారం తీసేస్తారు. ఆ తర్వాత జిప్పు పెట్టుకుంటాను, పొట్లాలు చింపుకుంటాను, ఈ వేలు ఒకటుందని మరిచిపోతాను. నాకు భయం అదే. మా షాపులో బిల్లు దగ్గర కార్డు తీయడానికి తడుముకునేవాళ్ళు రోజూ వస్తారు. సంచి మూతి తెరవలేక నిలబడిపోయేవాళ్ళు వస్తారు. వెనక లైను పెరుగుతుంటే నాకు లోపల చిటపటలాడుతుంది. వాళ్ళలో ఎంతమంది జేబులో ఒక చేయి దాచుకున్నారో నాకు తెలియదు. ఒక్క వేలు పోతేనే నాకు లోకమంతా రెండు చేతులవాళ్ళ కోసం కట్టినట్టు కనబడింది. చేయంతా పోయి, దాన్ని దాచుకోవడం కూడా ఒక పనైతే ఎలా ఉంటుందో ఐదు గంటల దారిలో కొంచెమే చూశాను. కులం గురించి నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. దానికి తగ్గ మనుషులు ఇక్కడ కూడా కావలసినంతమంది ఉన్నారు. ఆ కోపంతో ఒక మనిషిని చూసేముందు అతని చేయి ఎక్కడుందో చూడాలని మాత్రం తెలిసింది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. ఎవరింటికి భోజనానికి వెళ్తున్నా బయల్దేరే ముందే ఫోన్ చేసి, మీరు ఎలా తినగలరో చెప్పండి. ఏం తింటామో అందరం చెబుతాం, ఎలా తినగలమో ఎవరం చెప్పం. ఎముకలు తీసెయ్యాలా, లోతు పళ్ళెం కావాలా, ముద్దలు చేసిపెట్టాలా, వండేవాళ్ళకి అది చిన్న పని. చెప్పకపోతే వాళ్ళు తమకి తెలిసిన కారణమే అనుకుంటారు. వాళ్ళకి తెలిసిన కారణాలు మంచివి కావు.